పడమటి గోడ

వేసవి వచ్చినదన్న మన యిండ్లలో మొట్టమొదట వినవచ్చు మాట "కిటికీలు మూయుడు, తెరలు దించుడు" అనునది. పిమ్మట పంకా తిరుగును. దానితో తీరకున్న చలువ యంత్రము వచ్చును. ఎండ గోడను తాకి, గోడలో నిండి, గోడను దాటి గదిలోనికి వచ్చిన తరువాత దానిని వెడలగొట్టుటకు మనము చేయు ప్రయత్నము లిన్ని. అది గోడను తాకకుండ బయటనే నిలుపుటకు చేయు ప్రయత్నము మాత్రము తిరుపతిలోను చిత్తూరులోను నేడు లేచుచున్న క్రొత్త యిండ్లలో వెదకి చూచినగాని కానరాదు. దొంగను వాకిట నాపక నట్టింటికి రానిచ్చి, ఆ మీదట కఱ్ఱ పట్టుకొని గదిగదికి తఱుము గృహస్థుని చూచి మనము నవ్వుదుము. ఎండ విషయమున మనలో పెక్కుమంది అట్టి గృహస్థులే.

నీడ యనగా బీదవాని యుపాయమనియు, యంత్రము కలవాని లక్షణమనియు చదువుకొన్న కుటుంబములలో నొక భావము పాదుకొన్నది. ఈ భావము తప్పు. తప్పు మాత్రమే కాదు, హానికరము. దీనివలన పుట్టు వేడిని ఇల్లు కట్టించినవాడంతగా ననుభవింపడు. వంటింటిలోని స్త్రీ యనుభవించును, మేడమీది రేకుల గదిలో అద్దెకున్న విద్యార్థి యనుభవించును, ప్రక్కయింటివా డనుభవించును. కనుకనే యిది ఎవరి యిచ్చకు వారిని విడువదగిన సొంత వ్యవహారముగా నాకు తోచదు.

మొదట మన ప్రాంతమున సూర్యుని నడక యెట్టిదో చూతము. ఇల్లు కట్టువారు మేస్త్రీని, బ్యాంకువారిని, వాస్తు పండితుని సంప్రదింతురు గాని సూర్యుని సంప్రదించువారు అరుదు. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 13.6 డిగ్రీల యక్షాంశమున నున్నది, చిత్తూరు 13.2 డిగ్రీలపై నున్నది. ఇందువలన ఏప్రిల్ నెల చివర, అనగా అశ్వినికార్తె ముగిసి భరణికార్తె ప్రవేశించు దినములలో, మధ్యాహ్న సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. అది మొదలు ఆగస్టు నడిమివఱకు మధ్యాహ్నమున అతడు మనకు దక్షిణమున నుండడు. నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. జూన్ 21వ తేదీన గూడ ఆ యొఱుగు ఇంచుమించు పది డిగ్రీలే. దీని ఫలమేమనగా, రోళ్ళు పగులునని చెప్పుకొను రోహిణికార్తెలో మన యింటి దక్షిణపు గోడమీద మధ్యాహ్నమున ఎండయే పడదు. ఉత్తరపు గోడమీద పడు మధ్యాహ్నపు టెండను జానెడు చూరు చాలవఱకు ఆపగలదు. ఎండ తన బలమంతయు చూపునది మూడుచోట్ల: పగలెల్ల మిద్దెమీద, ఉదయము తూర్పుగోడమీద, సాయంకాలము పడమటి గోడమీద. వీనిలో పడమటిది మిక్కిలి క్రూరము. తూర్పుగోడను ఎండ తాకునప్పటికి రాత్రి చల్లదనము గోడలో నింకను మిగిలియుండును; పడమటి గోడను తాకునప్పటికి గాలియు, నేలయు, మిద్దెయు కాగియే యుండును.

కిటికీలమీద మనవారు చాపు సిమెంటు పలకకు "సన్‌షేడు" అని పేరు. పేరులో నీడ యున్నది. మేస్త్రీ నాలుగు దిక్కుల కిటికీలకును ఒకే కొలత గల రెండడుగుల పలక వేసి పోవును. దక్షిణమునను ఉత్తరమునను అది తన పని తాను చేయును, అచ్చట నెండ యెత్తునుండి వచ్చును గనుక. పడమట నట్లు కాదు. మే నెలలో సాయంకాలము నాలుగు గంటలకు సూర్యుడు రమారమి 33 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. అప్పుడు రెండడుగుల పలక కిటికీమీద దించు నీడ అడుగుంబావు. నాలుగడుగుల కిటికీలో మిగిలినదంతయు ఎండపాలు. అయిదు గంటలకు ఆ నీడ ముప్పాతిక యడుగునకు తగ్గును. వానజల్లునకు పనికివచ్చు ఆ పలక పడమటి యెండకు పనికిరాదు. అచ్చట కావలసినది పైన చాచిన పలక కాదు, ఎదుట నిలిచిన యడ్డు: తడిక, వట్టివేళ్ళ చాప, తీగ ప్రాకిన పందిరి, చెట్టు, లేక చూరు దిగిన వసారా. అదియు గోడకు బయట నుండవలెను. లోపలి తెర యెంత వెలగలదైనను, అద్దమును దాటి వచ్చిన యెండ తెరను వేడిచేయును, తెర గదిని వేడిచేయును. కిటికీ బయట కట్టిన పాత గోనెపట్ట లోపలి పట్టుతెరకంటె మేలు.

ఇక వాస్తువు సంగతి. ఈ మాట యెత్తినంతనే కొందఱు చదువరులు నొచ్చుకొందురని యెఱుగుదును. ప్రాచీన గ్రంథములతో నాకిప్పుడు తగవు లేదు. నేటి వాస్తు పండితుడు ఇంటి పటము చేతబట్టి మనచేత చేయించుచున్న దానితోనే నా తగవు. అతడు చెప్పు నియమములలో కొన్నిటిని ప్రక్కప్రక్క నుంచి చూడుడు. తూర్పునను ఉత్తరమునను స్థలము హెచ్చుగా విడువవలెను. పడమటను దక్షిణమునను తక్కువగా విడువవలెను. పడమట వసారా దించరాదు. పెద్ద చెట్లు ఈశాన్యమున నుండరాదు. ఉండదలచిన పడమటనో దక్షిణముననో యుండవచ్చును. యజమానుని పడకగది నైరృతి మూల నుండవలెను. వంటిల్లు ఆగ్నేయమున నుండవలెను.

పడమట చెట్టు మంచిదని యొక నోట, పడమట స్థలము విడువరాదని అదే నోట! చెట్టు గాలిలో మొలచునా? ముప్పదడుగుల వెడల్పు గల స్థలమున పడమట రెండడుగుల సందు విడిచి, మిగిలిన తెఱపినంతయు తూర్పునకు త్రోయుదురు. ఆ సందులో చెట్టు నాటుట యటుండగా, చీపురు పట్టుకొని మనిషి దూరుటయే కష్టము. విశాలమైన తోట నడుమ ఇల్లు కట్టుకొనువారి కాలమున ఈ రెండు నియమములును ఒండొంటితో పొసగియుండవచ్చును. రెండు మూడు సెంట్ల స్థలమున పొసగవు. వసారాయు వలదనిరి గనుక పడమటి గోడ కట్టుగుడ్డ లేని బిచ్చగానివలె నిలుచును. ఆ గోడకు లోపలి ప్రక్కనే యజమానుని మంచము! సాయంకాలమెల్ల త్రాగిన వేడిని తొమ్మిదంగుళముల ఇటుకగోడ కొన్నిగంటలు తనలో నుంచుకొని, సరిగా పడకవేళకు గదిలోనికి విడుచును. మీది సిమెంటు కప్పును మధ్యాహ్నము త్రాగినదానిని అట్లే రాత్రికి దించును. ఇంటిలోకెల్ల రాత్రివేళ మిక్కిలి కాగు మూల యేదో దానినే యేరి గృహస్థునకు శయ్యాస్థానముగా నొసగి, అతడు నిద్రపట్టలేదని వగచిన పిమ్మట యంత్రము కొనుక్కొమ్మనుట యేమి శాస్త్రము?

నైరృతిమీది నమ్మకమును విడువలేనివారు విడువకుందురు గాక. వారికి నేను చేయు మనవి యొక్కటే. పడమట చెట్టు మంచిదని చెప్పిన వాక్యమును పట్టుకొని, దానికి కావలసిన పది పండ్రెండడుగుల నేల నడుగుడు. పండితు డేమి చెప్పునో విందము. పాత యిండ్ల పడమటి పంచలను "ధననష్టము" అను భయముచేత కూల్చివేసినవారిని నే నెఱుగుదును. కూల్చుటకు కూలి యిచ్చిరి. మఱుసటి వేసవినుండి కరెంటు బిల్లు చెల్లించుచున్నారు. ధననష్ట మెవరివలన కలిగినదో వారే తేల్చుకొనవలెను.

మన యిండ్లలో పెండ్లికి మాత్రము పందిరి లేకపోదు. వైశాఖ జ్యేష్ఠములలో ముహూర్తము లుంచుకొనుట, ఆ దినములలోనే వాకిట రాటలు పాతి కొబ్బరిమట్టలు పఱచి పచ్చని పందిరి వేయుట పెద్దలనుండి వచ్చిన యాచారము. పేరునకు శుభకార్యపు పందిరి, పనికి నీడ. పదియాఱు దినముల పండుగ కాగానే, ఎండలు ముదురుచుండగనే, దానిని విప్పి మట్టలను పొయ్యిలోనికి పంపుదురు. చుట్టములున్నంతవఱకు ఇంటికి నీడ కావలెను. చుట్టములు పోయిన తరువాత ఇంటివారికి వలదు! అదే పందిరిని మిద్దెమీద మూడడుగుల యెత్తున వేయించి ఆషాఢమువఱకు ఉంచుకొన్నవానిని చూచి "పల్లెటూరి పద్ధతి" యని నవ్వువారు, తమ బిడ్డ పెండ్లిలో దాని క్రింద కూర్చుండి విసనకఱ్ఱ ప్రక్కన పెట్టిన దినమును మఱచిరి.

దేవాలయములవా రీ విషయమున మనకంటె వివేకులు. వేసవిలో తిరుమల మాడవీధులలో చలువ పందిళ్ళు వేయుటయు, భక్తుల పాదములు కాలకుండ నేలకు తెల్లని చలువరంగు పూయుటయు తిరుపతివారందఱు నెఱిగినదే. ఆ తెల్లని పట్టీమీద నడచి, సౌఖ్యమును మెచ్చుకొని, కొండదిగి వచ్చిన గృహస్థుడు తన ముంగిట మట్టి కనబడకుండ నల్లని గ్రానైటు పలకలు పఱపించును. మన జిల్లాలలో ఆ రాయి విరివిగా దొరకును గనుక అది యొక గొప్పయైనది. మధ్యాహ్నమునకు ఆ ముంగిలి పెనమువలె కాగి, ఆ సెగ గోడకును కిటికీకిని తగులును. నీడ బీదవాని యుపాయమనువారు సముద్రము దాటి చూతురు గాక: స్పెయిను దేశమున సెవిల్ నగరములో వేసవి వచ్చిన మేడకును మేడకును నడుమ వీథులపై పెద్ద గుడ్డలు కట్టి బజారు బజారునకే నీడ పట్టుదురు. ఆ నగరమున యంత్రములు కొనలేక చేయుచున్నారా?

అంతదూర మేల? విజయనగర రాజుల చివరి దినములలో రాజధానియైన చంద్రగిరి తిరుపతికి కూతవేటు దూరమున నున్నది. అచ్చటి రాజమహలును కఱ్ఱ వాడక ఱాయి, ఇటుక, సున్నములతో కట్టిరి. దాని ముఖమునిండ కమానులు. కమానుల వెనుక నడవలు. నడవల వెనుక గదులు. ఎండకును గదికిని నడుమ ఒక నడవ లోతు నీడ కాపున్నది. ఇప్పుడది పురావస్తు ప్రదర్శనశాల. మనము పిల్లలను తీసికొనిపోయి, "ఎంత చల్లగా నున్నది" యని గోడల మందమును పొగడి తిరిగివత్తుము. మంద మొక్కటియే కారణము కాదు. నీడలేని మందపు గోడ వేడిని ఆలస్యముగా లోనికి పంపును, అంతే. నీడగల గోడకు పంపుటకు వేడియే తక్కువ.

ఇంతమాత్రమున పాతకాలపు ఇండ్లను నెత్తి కెత్తుకొనువాడను గాను. తొట్టికట్టు ఇండ్లను, వీథి యరుగులను తలచుకొని కన్నీరు పెట్టు వ్యాసములు మనకు కొదువలేదు. ఆ యరుగుమీద బాటసారి యెండవేళ సేదతీరెనని వ్రాయుదురు. ఏ బాటసారి? అంటరానివాడని ఊరి వెలుపల నుంచబడిన కూలివాడు ఆ యరుగు నెక్కినాడా? అతడు గింజలు తెచ్చినను, కట్టెలు తెచ్చినను, వీథిలో ఎండలో నిలిచియే కేకవేయవలసి యుండెను. చల్లని పంచ మగవారి కచ్చేరి. ఆడువారికి వెనుకటి కట్టులో పొగచూరిన వంటిల్లు. కావున పాతదానిని పాతదానివలెనే తిరిగి తెమ్మనువారితో నేను కలియను. అందులోని యుపాయము మనకు కావలెను. ఎవరికి నీడ, ఎవరికి ఎండ యని కులమును బట్టియు లింగమును బట్టియు పంచిన పంపకము మనకు వలదు.

అయితే ఆ పంపకము క్రొత్త యింటిలో పోయినదా? చూడుడు. ఇంటిలో చలువ యంత్రము పెట్టించిన గది యేది? పడకగది. పగటివేళ నిప్పు ముందు గంటలకొలది నిలువబడు మనిషి యుండునది యే గది? వంటిల్లు. వాస్తు నియమముచేత అది ఆగ్నేయమున నున్నది; దాని తూర్పు కిటికీకి ఉదయపు టెండ యెదురు. ఉదయపు వంట సరిగా ఆ వేళనే జరుగును. లోపల గ్యాసుపొయ్యి, వెలుపల సూర్యుడు. మంట చెదరునని పంకా వేయరు. యంత్రము పెట్టింపరు, "వంటింటికి కూడనా?" యని నవ్వుదురు. స్త్రీపురుష సమానత్వమును గుఱించి సభలలో గంటసేపు మాటలాడగల పెద్దమనుష్యుడు, ఇల్లు కట్టించునప్పుడు వంటింటి తూర్పు కిటికీకి బయట ఒక తడిక కట్టించుటను గుఱించి క్షణమైన ఆలోచించిన పాపమున పోలేదు. పెరటిలో రెండు వెదుళ్ళు నాటి, అడ్డకఱ్ఱలు కట్టి, సొరపాదునో పొట్లపాదునో ప్రాకించిన ఆ కిటికీకి నీడ వచ్చును, కూరయు వచ్చును. స్నానపు నీరే దానికి చాలును. దీనికి ఇంజనీరు అక్కఱలేదు. వంట చేయువారి సుఖము కూడ ఇంటి సుఖములో చేరునను తలంపు కావలెను.

యంత్రమును నేను ద్వేషింపను. వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డలకు వడగాలి దినములలో అది ప్రాణరక్షకము కావచ్చును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి మించి ఎండవేడిమికి మరణించిన సంగతి మఱవదగినది కాదు. కాని యంత్రము చేయు పని యేదో యెఱిగి వాడవలెను. అది చల్లదనమును పుట్టింపదు. గదిలోని వేడిని ఎత్తి బయట పోయును. ఆ మోతకు వాడిన విద్యుచ్ఛక్తి సయితము వేడియై ఆ రాశిలో చేరును. అనగా ఒక గది నుండి తీసినదానికంటె ఎక్కువ వేడి సందులోనికి, పొరుగింటి కిటికీలోనికి పోవును. పొరుగువాడు తానును యంత్రము కొని తన వేడిని తిరిగి మనకు పంపును. వీథియంతయు నిట్లు ఒకరిమీద నొకరు నిప్పులు క్రుమ్మరించుకొని, "ఏటేట ఎండలు పెరిగిపోవుచున్నవి" యని ఆశ్చర్యపడుచున్నారు. ఎండలు పెరుగుచున్నమాట నిజమే. దానికి మనము చేయు సాయము తక్కువ కాదు.

లెక్క కూడ చూతము. యంత్రమునకు "టన్ను" అను కొలత మంచుదిమ్మల నాటిది. ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుట కెంత వేడి పట్టునో అంత వేడిని తీయు శక్తి ఒక టన్ను; అది మూడున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల యంత్రము అయిదు కిలోవాట్లకు కొంచె మెక్కువ తీయును. మబ్బులేని వేసవి మధ్యాహ్నమున ఒక చదరపు మీటరు మిద్దెమీద పడు నెండ ఇంచుమించు ఒక కిలోవాటు. వేయి చదరపుటడుగుల మిద్దె యన్న 93 చదరపు మీటర్లు. దానిమీద పడునది తొంబది కిలోవాట్లకు పైమాట. అందులో కొంత ఆకాశమునకు తిరిగిపోవును, కొంత గాలిలో కలియును. మిగిలినది కప్పులోనికి దిగును. పైన ఆ ప్రవాహమును విడిచిపెట్టి క్రింద అయిదు కిలోవాట్లు తోడుట, చిల్లిపడిన పడవలో కూర్చుండి దోసిట నీళ్ళు తోడుటవంటిది. మిద్దెకు సున్నము పూయుట మంచిదే. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకొఱకు ఒక విధానమునే ప్రకటించినది. సున్నము ఎండను త్రిప్పికొట్టును, దుమ్ము పట్టిన కొలది దాని బలము తగ్గును. పందిరి ఎండను దిగనీయదు, క్రింద గాలి యాడనిచ్చును. రెండును చేయువాడు ధన్యుడు. కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహితలో గోడలనుండియు కిటికీలనుండియు లోనికి వచ్చు వేడికి చదరపు మీటరునకు 15 వాట్లని హద్దు పెట్టి, కిటికీ బయటి నీడను ఆ లెక్కలో చేర్చిరి. ఇంటి పటమునకు వేలకు వేలు వెచ్చించు గృహస్థులలో ఈ సంహిత పేరైన విన్నవా రెందఱు?

పందొమ్మిదవ శతాబ్దమున కడప జిల్లా కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర, మదనపల్లె దగ్గఱ నున్న ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవికై బంగళా కట్టించుకొనెను. కొండ పేరే మాఱి హార్స్‌లీ కొండయైనది. ఎక్కగలవా డెక్కెను, క్రింద పల్లెలలో నున్నవారికి కొండవలన నేమి లాభము? నేటి చలువగది అట్టి కొండయే. తలుపు మూసికొని ఒక కుటుంబ మెక్కును; తక్కిన వీథి క్రిందనే యుండును. చెట్టు నీడ యట్టిది కాదు. మన పడమటి కానుగ నీడ ఉదయము పొరుగువాని తూర్పుగోడమీద పడును. దానికి వాటా లేదు, బిల్లు లేదు.

ప్రభుత్వము కట్టించు కాలనీల సంగతియు చెప్పవలసియున్నది. 2020 డిసెంబరులో రాష్ట్రమంతట పేదలకు ఇండ్ల స్థలములు పంచినప్పుడు శ్రీకాళహస్తి చెంత ఊరందూరులో పెద్ద లేఅవుటు వేసిరి. పట్టణములలో ఒక్కొక్కరికి సెంటు, పల్లెలలో సెంటున్నర. సెంటనగా 48 చదరపు గజములు. అందులో ఇల్లు పోను చెట్టునకు చోటేది? చాలదని నిందించుట సులభము, ఆ నింద న్యాయమే. కాని సెంటు స్థలములో సయితము నీడ కొక యుపాయమున్నది, దానికి గజము నేల యక్కఱలేదు. వీథిని తూర్పు పడమరలుగా సాగించి, ఇండ్లను ఒకదాని కొకటి ఆనించి వరుసగా కట్టినచో, ప్రతి యింటి తూర్పుగోడయు పడమటి గోడయు పొరుగింటి గోడలే యగును. ఎండ వానిని తాకనే తాకదు. కొనలనున్న ఇండ్లకు మాత్రము పందిరియో చెట్టో కావలెను. వెలుతురును గాలియు ఉత్తర దక్షిణములనుండి వచ్చును. ఆ ప్రక్కల రెండడుగుల సన్‌షేడు నిజముగానే నీడ నిచ్చునని పైన చూచితిమి. మన పాత అగ్రహారములలో పెక్కింట వీథులు తూర్పు పడమరలుగా సాగి, ఇండ్లు గోడకు గోడ కలిసి యుండును. అచ్చట పుట్టినవారికే దక్కిన ఈ సౌఖ్యమును నేడు కాలనీవాసులకు కలిగించుటకు సర్వేయరు గీత గీయు దిక్కు మార్చిన చాలును. ఖర్చు పెరుగదు. అయినను దారి యెటు పోయిన నటు గీతలు గీసి, ఇంటికి ఇంటికి నడుమ మనిషి పట్టని సందు విడిచి, నాలుగు గోడలను నాలుగు వైపుల ఎండకు అప్పగించుచున్నారు.

చెట్లను గుఱించిన యాక్షేపణలు నాకు తెలియును. వేళ్ళు పునాదిని చీల్చునందురు. మఱ్ఱి, రావి విషయమున ఆ భయము సరియైనదే. వానిని ఇంటి దగ్గఱ నాటుమని యెవరును అనరు. కానుగను పండ్రెండడుగుల దూరమున నాటిన సాధారణముగా ఆ బాధ యుండదు. ఆకు రాలునందురు. రాలును, కాని కానుగ ఎండలు ముదురకముందే ఆకు రాల్చి, చైత్రమునకు క్రొత్తాకు తొడిగి, అవసరమైన వేళకు సిద్ధముగా నుండును. రాలిన యాకును ఊడ్చునది ఎవరు? ఈ యాక్షేపణ చేయువారు తామే చీపురు పట్టువారైన నేను తలవంచి విందును. తఱచుగా వారు పట్టరు. చింతచెట్టున దయ్యమున్నదని పెరటి చింతను కొట్టించువా రింకను ఉన్నారు. కట్టె అమ్మి వెల లెక్కపెట్టుకొనునప్పుడు వారికి దయ్యము గుర్తునకు రాదు. చెట్టెదుగుటకు అయిదాఱేండ్లు పట్టునందురు. పట్టును. ఇంటి అప్పు తీఱుటకు ఇరువదియేండ్లు పట్టునని తెలిసియే కదా ఇల్లు కట్టిరి. అంతవఱకు తడిక యున్నది, పాదు లున్నవి, మొక్కల తోటలవారు వాడు ఆకుపచ్చని వల యున్నది. గాలివానకు ఎగిరిపోకుండ గట్టిగా కట్టుటయు, పొయ్యికిని మట్టలకును దూరముంచుటయు మాత్రము మఱవరాదు.

చివరకు మేడమీది గది. ఇది తిరుపతికి ప్రత్యేకమైన సంగతి కాకపోవచ్చును గాని, కళాశాలలు హెచ్చుగా గల ఆ పట్టణమున దీనిని చూడని వీథి లేదు. మిద్దెమీద నాలుగు స్తంభములు నిలిపి రేకులు వేయించిన, నాలుగు ప్రక్కలను తెఱచి యుంచినంతవఱకు అది మంచి పనియే: రేకు కాగినను గాలి ఆ వేడిని కొట్టుకొనిపోవును, క్రింది యింటికి నీడ దొరకును. ఇంటివారు ఒక వేసవి ఆ సుఖ మనుభవింతురు. మఱుసటి యేడు ఆ రేకుల క్రింద గోడలు లేపి, తలుపు పెట్టి, "గది అద్దెకు ఇవ్వబడును" అని పలక వ్రేలగట్టుదురు. క్రిందివారికి నీడయైన ఆ రేకే లోపలివారికి నిప్పు. పల్లెనుండి చదువునకు వచ్చిన బిడ్డ పరీక్షల నెలలలో ఆ రేకు క్రింద పుస్తకము పట్టుకొని కూర్చుండును. పగలు గ్రంథాలయమున తలదాచుకొని, రాత్రి ఆరుబయట మిద్దెమీద నీళ్ళు చల్లుకొని పండుకొనును. క్రింద చలువ యంత్రము విడుచు వేడిగాలియు పైకే లేచును. అద్దె మాత్రము నెల మొదటి తేదీన చల్లగా చెల్లింపవలెను. ఆ గదికి రేకుమీద పందిరి వేయించి, పడమటి గోడకు తడిక కట్టించి, మిద్దెనేలకు సున్నము కొట్టించుటకు ఒక నెల అద్దెలో కొంత భాగము చాలును. కట్టించినవారు ఈ ఫాల్గుణములోనే ఆ పని చేయించి, ఆ మీదట చైత్రమాసపు అద్దె అడుగుదురు గాక.